గళ్ళ కాగితం నుంచి ట్యాబ్ దాకా: పని నేర్చుకునేవాళ్ళకి లెక్కలు చెప్పిన 125 ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్ ఒక లెక్కతో మొదలుపెడదాం. భయపడకండి, ఒక్కటే లెక్క.

లేత్ మెషీన్ మీద ఒక ఇనుప కడ్డీ తిరుగుతోంది. ఒక చివర దాని వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉండాలి, ఇంకో చివర 30. ఆ రెండింటి మధ్య పొడవు 100. అంటే క్యారెట్‌లాగా సన్నబడుతూ రావాలన్నమాట. దీన్ని టేపర్ టర్నింగ్ అంటారు. ఇలా కోయాలంటే మెషీన్‌లో కాంపౌండ్ స్లయిడ్ అనే భాగాన్ని కొంత కోణం తిప్పి బిగించాలి. ఎంత కోణం? పెద్ద వ్యాసంలోంచి చిన్న వ్యాసం తీసేసి, పొడవుకి రెండింతలతో భాగిస్తే ఆ కోణం టాన్ విలువ వస్తుంది. 20ని 200తో భాగిస్తే 0.1. కోణం సుమారు 5.7 డిగ్రీలు.

ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివినవాళ్ళకి ఈ ఫార్ములా కొత్తేం కాదు. ఇప్పుడు అసలు ప్రశ్న వినండి. మామూలు మెషీన్ మీద డిగ్రీకి ఒక గీత ఉంటుంది. 5.7 దగ్గర గీత లేదు. మీరు అందాజుగా 5.5 దగ్గర బిగించారనుకోండి, లేదా "పోనీలే" అని 6 గీత మీద పెట్టారనుకోండి. ఆ కడ్డీ పనికొస్తుందా, తుక్కులోకి పోతుందా?

మొదటిది ఫార్ములా. రెండోది సమస్య. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఇవాళ్టి మన టాపిక్.

ఇది ఎందుకు ముఖ్యం అంటే, మన దగ్గర ఒక మాట బాగా తిరుగుతుంది. "వాడికి లెక్కలు రావండీ, ఐటీఐలో వేసేయండి." అంటే పదహారేళ్ళ పిల్లవాడు నెత్తిమీద ముద్ర వేయించుకుని వర్క్‌షాప్‌లోకి వస్తాడు. తీరా అక్కడికొచ్చాక, లెక్క తప్పితే కేవలం మార్కు పోదు, లోహం పోతుంది. ఎలక్ట్రీషియన్ అయితే కేబుల్ కాలిపోతుంది. మరి లెక్కలు రావని పంపించిన పిల్లలకే లెక్కతో ఎక్కువ అవసరం ఉందే! ఈ చిక్కు ప్రపంచం అంతా ఉంది, చాలా పాతది కూడా. దాన్ని విప్పడానికి ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఒక కొత్త పరికరం పట్టుకొచ్చారు. ఇప్పుడు ట్యాబ్‌లు, యాప్‌లు వచ్చాయి. అంతకుముందు వచ్చిన పరికరాలకి ఏమైందో చూస్తే, వీటికి ఏమవుతుందో కొంత అర్థమవుతుంది.

ముందు 19వ శతాబ్దం చివరి లండన్‌కి వెళ్దాం. జాన్ పెర్రీ అని ఒక ఇంజనీరు. 1850లో ఐర్లండ్‌లో పుట్టాడు. 1875 నుంచి 1879 దాకా జపాన్‌లో, టోక్యోలోని ఇంపీరియల్ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్‌లో పాఠాలు చెప్పాడు. తిరిగొచ్చాక 1880ల్లో లండన్‌లోని ఫిన్స్‌బరీ టెక్నికల్ కాలేజీలో చేరాడు. పగలు డ్యూటీ చేసి సాయంత్రం క్లాసుకొచ్చే కార్మికులకి కూడా అక్కడ పాఠాలు ఉండేవి.

అప్పట్లో ఇంగ్లండ్‌లో గణితం అంటే యూక్లిడ్. సిద్ధాంతాల్ని పుస్తకంలో ఉన్న వరుసలోనే నేర్చుకోవాలి, పరీక్షలో అదే వరుసలో అప్పజెప్పాలి. ఎనిమిది గంటలు బాయిలర్ దగ్గర నిలబడి వచ్చిన మనిషికి ఇది చెప్తే ఏమవుతుంది? నిద్ర వస్తుంది. పెర్రీ దాన్ని పక్కనపెట్టాడు. దశాంశాలు, లాగరిథమ్ పట్టికలు, స్లైడ్ రూల్, చేత్తో కొలిచి చేసే వైశాల్యాలు, ఘనపరిమాణాలు, వీటన్నిటితో పాటు గళ్ళ కాగితం. అదే అండీ, మన గ్రాఫ్ పేపర్. ఇవాళ మనకి నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో అది తరగతి గదిలోకి అప్పుడప్పుడే వస్తున్న కొత్త టెక్నాలజీ.

దాంతో ఏం చేయొచ్చు? ఒక స్క్రూ జాక్ తీసుకోండి. ఇంత బరువు ఎత్తడానికి ఎంత బలం పెట్టాలో కొలవండి. బరువు పెంచండి, మళ్ళీ కొలవండి. అలా ఏడెనిమిది కొలతల్ని గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలు దాదాపు ఒక సరళరేఖ మీద పడతాయి. ఇంకో సంగతి, ఆ రేఖ సున్నా దగ్గర మొదలవ్వదు, కొంచెం పైన మొదలవుతుంది. బరువేమీ లేకపోయినా జాక్ తిప్పడానికి కొంత బలం కావాలి కదా, అది ఘర్షణ. అంటే ఆ పనివాడు తాను రోజూ చేతులతో అనుభవించే ఘర్షణని మొదటిసారి కాగితం మీద కళ్ళతో చూస్తాడు. సమీకరణం ఆ తర్వాత వస్తుంది. పాలిటెక్నిక్ చదివినవాళ్ళకి ఇది వెంటనే గుర్తొస్తుంది. మన డిప్లొమా ల్యాబ్‌లో "లా ఆఫ్ మెషీన్" ప్రయోగం ఇదే.

1899లో పెర్రీ లండన్‌లో కార్మికుల కోసమే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. వాటి సారాంశం "ప్రాక్టికల్ మ్యాథమెటిక్స్" పేరుతో అచ్చయింది. 1901లో గ్లాస్గోలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో గణిత బోధన మీద ఆయన చేసిన ప్రసంగం పెద్ద దుమారం లేపింది. 1902 చివర్లో అమెరికాలో ఈ.హెచ్.మూర్ అనే గణిత శాస్త్రవేత్త, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ అధ్యక్ష హోదాలో మాట్లాడుతూ పెర్రీ ఉద్యమాన్ని ప్రస్తావించి, గణితాన్ని కూడా ల్యాబ్‌లో నేర్పినట్టు నేర్పాలన్నాడు. చూశారా, కార్మికుల నైట్ క్లాసులో పుట్టిన ఆలోచన యూనివర్సిటీ దాకా ఎక్కింది. మామూలుగా పైనుంచి కిందికి వస్తాయి అనుకుంటాం, ఇది కింది నుంచి పైకి వెళ్ళింది.

కానీ ఏ పరికరమైనా పరీక్షలోకి వచ్చాక మారిపోతుంది. గ్రాఫ్ పేపర్ మన స్కూళ్ళకి చేరేసరికి ఏమైందో మీకు తెలుసు. ఎక్స్ విలువలు ఇస్తారు, వై విలువలు ఇస్తారు, చుక్కలు పెట్టాలి, గీత గీయాలి, స్కేలు రాయకపోతే మార్కు కట్. ఆ అంకెలు ఎక్కడ్నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. కాగితం అదే, కొలత మాయమైంది.

ఇక రెండో పరికరం. 1953లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ తన కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసుకి వెళ్ళి కూర్చున్నాడు. పిల్లలందరూ ఒకే వేగంతో నడవాలి, చేసింది రైటో కాదో మర్నాటి దాకా తెలియదు. ఇది ఆయనకి నచ్చలేదు. వెంటనే ఒక యంత్రం తయారుచేసే పనిలో పడ్డాడు, 1954లో దాన్ని చూపించాడు కూడా. ప్రశ్న కనిపిస్తుంది, విద్యార్థి జవాబు ఇస్తాడు, రైటా రాంగా అని అక్కడికక్కడే తెలుస్తుంది. చిన్న చిన్న మెట్లు, ఎవరి వేగం వారిది.

ఆలోచన మంచిదే కదా? దీని నీడలోనే 1960ల్లో అమెరికా స్కూళ్ళలో ఐపీఐ అనే పద్ధతి వచ్చింది. ఒక్కొక్క విద్యార్థికి విడివిడిగా పాఠాలు, విడివిడిగా టెస్టులు. కంప్యూటర్ కాదు, కాగితం బుక్‌లెట్లే. కానీ లాజిక్ మాత్రం ఇప్పటి లెర్నింగ్ యాప్‌లదే. 80 శాతం వస్తే తర్వాతి లెవెల్.

1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు ఆ పద్ధతిలో చదువుతున్న పన్నెండేళ్ళ అబ్బాయితో కూర్చుని మాట్లాడాడు. పరిశోధన వ్యాసంలో ఆ అబ్బాయి పేరు బెన్నీ. టీచర్ దృష్టిలో బాగా చదివే పిల్లవాడు, లెవెళ్ళు చకచకా దాటుతున్నాడు. రెండు బై పదిని దశాంశంలో రాయమంటే 1.2 అన్నాడు. ఎందుకంటే రెండూ పదీ కలిపితే పన్నెండు, మధ్యలో ఒక చుక్క! తనకి తానే ఇలాంటి రూల్స్ కనిపెట్టుకున్నాడు. తన జవాబు, జవాబుల కీలోని జవాబు ఒకటే విలువైనా రాసే తీరు వేరైతే రాంగ్ పడుతోంది. దాంతో గణితం అంటే కీలో ఏముందో పట్టుకునే ఆట అని వాడికి అర్థమైంది. ఏళ్ళ తరబడి మార్కులు బానే వచ్చాయి. పక్కన కూర్చుని "ఎలా చేశావు నాన్నా?" అని అడిగే మనిషి లేడు, అంతే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కాబట్టి లోపలి సంగతి ఒకటి చెప్తా. మల్టిపుల్ చాయిస్ టెస్ట్ యాప్ రాయడం చాలా తేలిక. ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, ఒక కీ. డేటాబేస్‌లో ఒక టేబుల్ చాలు. వెయ్యి ప్రశ్నలు ఎక్కించి "వెయ్యి ప్రశ్నల కంటెంట్" అని చెప్పుకోవచ్చు, డ్యాష్‌బోర్డులో పచ్చ గీతలు చూపించొచ్చు. అదే, విద్యార్థి ఎలా ఆలోచించాడో బయటికి రప్పించే పనిముట్టు చేయాలంటే, ముందు ఆ ట్రేడ్ గురించి తెలియాలి. వర్క్‌షాప్‌లో కూర్చోవాలి. దానికి ఓపిక కావాలి, డబ్బు కావాలి. అందుకే మార్కెట్లో మొదటి రకమే ఎక్కువ.

సరే, యంత్రం సంగతి అలా ఉంచి, "లెక్కలు రానివాళ్ళు" అని మనం అనేవాళ్ళ బుర్రలో ఏం జరుగుతుందో ఎవరైనా చూశారా? చూశారు. బ్రెజిల్‌లో, రెసిఫే అనే ఊళ్ళో. టెరెజిన్యా నూనెస్ కరహేర్, డేవిడ్ కరహేర్, అనాలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు వీధిలో కొబ్బరికాయలు, పళ్ళు అమ్మే ఐదుగురు పిల్లల దగ్గరికి కొనుగోలుదారుల్లా వెళ్ళారు. 9 నుంచి 15 ఏళ్ళ పిల్లలు. కాయ 35, పది కాయలు ఎంత? ఒక అబ్బాయి ఇలా చేశాడు: మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, ఇంకోటి, 350. స్కూల్లో చెప్పినట్టు పక్కన సున్నా పెట్టలేదు. తనకి బాగా అలవాటైన మూడు కాయల ధరని పునాది చేసుకున్నాడు.

వీధిలో వాళ్ళ జవాబులు 98 శాతం రైటు. తర్వాత అలాంటి లెక్కల్నే కాగితం, పెన్సిల్ ఇచ్చి అడిగారు. కథ రూపంలో అడిగితే 74 శాతం. ఉత్త అంకెలతో అడిగితే 37 శాతం. 1985లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అదే పిల్లలు, అలాంటి లెక్కలే! మరి లెక్కలు రానిది ఎవరికి?

వీళ్ళలో ష్లీమన్ ఇంకో పని చేశారు, అది మన టాపిక్‌కి ఇంకా దగ్గర. పెద్దగా చదువుకోని వడ్రంగులని, స్కూలు లెక్కలతో పాటు వడ్రంగం నేర్చుకుంటున్న అప్రెంటిస్‌లని పోల్చారు. ఇలాంటి మంచాలు ఐదు చేయాలి, కలప ఎంత కొనాలి? అనుభవం ఉన్న వడ్రంగులు దుకాణంలో ఏ సైజు చెక్కలు దొరుకుతాయో ఆలోచించి, ఇన్ని ముక్కలు కావాలని లిస్టు చెప్పారు. అప్రెంటిస్‌లు దాన్ని స్కూలు లెక్కలాగా చూశారు. అంకెలు కలిపారు, గుణించారు, కొందరికి వచ్చిన జవాబుతో మంచం చేయడం కుదరదు. అది కుదరదని వాళ్ళకి అనుమానం కూడా రాలేదు. గమనించండి, అప్రెంటిస్‌లు తెలివితక్కువవాళ్ళు కాదు. లెక్క అంటే ఒక లోకం, చెక్క అంటే ఇంకో లోకం అని వాళ్ళకి బడి నేర్పింది.

మరి ఈ రెండు లోకాల్నీ కలిపే డిజిటల్ పనిముట్టు ఎలా ఉంటుంది? దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మళ్ళీ లండన్‌దే. 2003 నుంచి 2007 వరకు సీలియా హోయ్ల్స్, రిచర్డ్ నాస్, ఫిలిప్ కెంట్, ఆర్థర్ బాకర్ కలిసి కార్ల తయారీ, ప్యాకేజింగ్, మందుల తయారీ, పెన్షన్లు, గృహరుణాలు, ఇలాంటి రంగాల్లో పనిచేసేవాళ్ళ లెక్కల్ని పరిశీలించారు. 2010లో పుస్తకం కూడా తెచ్చారు.

కార్ల ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. అక్కడ సీపీ, సీపీకే అనే రెండు అంకెలు ఉంటాయి. మెషీన్ చేసే వస్తువులు కొలత హద్దుల్లో ఎంత బాగా ఇముడుతున్నాయో ఇవి చెప్తాయి. కొలతలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో సీపీ చెప్తుంది. వాటి సగటు హద్దులకి మధ్యలో ఉందా, ఒక పక్కకి జరిగిందా అన్నది కూడా కలిపి సీపీకే చెప్తుంది. ఫ్యాక్టరీల్లో 1.33 అని ఒక టార్గెట్ పెట్టుకోవడం మామూలు. ట్రైనింగ్‌లో ఫార్ములా ఇచ్చి చేత్తో లెక్క వేయించేవారు. ఫలితం, చాలామందికి అది ఒక అంకె మాత్రమే. ఎక్కువ వస్తే మంచిది, తక్కువ వస్తే తిట్లు. మెషీన్‌లో ఏం జరిగితే ఆ అంకె పడిపోయిందో ఫార్ములా చూపించదు.

పరిశోధకులు ఫార్ములా తీసేసి తెర మీద బొమ్మ పెట్టారు. గంట ఆకారంలో ఒక వంపు, రెండు పక్కలా హద్దు గీతలు. వంపుని పక్కకి జరిపితే సీపీకే పడిపోతుంది, సీపీ మాత్రం కదలదు. వంపుని వెడల్పు చేస్తే రెండూ పడిపోతాయి. అంటే, సెట్టింగ్ జరిగిందా, మెషీనే వదులైందా అన్న తేడా కళ్ళకి కనిపిస్తుంది. ఆ ట్రైనింగ్‌లో బల్ల మీద నాణేన్ని ఒక గీత దాకా తోసే ఆట ఒకటి ఉండేది, దాన్నీ కంప్యూటర్‌లోకి తెచ్చారు. పెన్షన్ కంపెనీలో అయితే, కస్టమర్‌కి పంపే స్టేట్‌మెంట్‌లో అంకె ఎలా వచ్చిందో చెప్పలేక ఇబ్బందిపడే ఉద్యోగులకి చక్రవడ్డీని స్ప్రెడ్‌షీట్‌లో తామే కట్టుకుని చూసే పని ఇచ్చారు.

పెర్రీ గళ్ళ కాగితానికీ దీనికీ మధ్య వందేళ్ళు. కానీ చేసింది ఒకటే. పనివాడికి తన పనిలోని అంకె ఎలా కదులుతుందో చూపించడం. స్కిన్నర్ యంత్రం దగ్గర్నుంచి బెన్నీ బుక్‌లెట్ దాకా ఇంకో దారి ఉంది. అది జవాబు రైటా రాంగా అని మాత్రమే చెప్తుంది. ఈ రెండు దార్లూ ఇప్పటికీ పక్కపక్కనే నడుస్తున్నాయి. కాగితమా కంప్యూటరా అన్నది అసలు తేడా కానే కాదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన ఐటీఐలకి ఆధారమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. మన ఐటీఐ సిలబస్‌లో "వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అండ్ సైన్స్" అని ఒక భాగం ఉంది. పేరు చూడండి, ఎంత బాగుందో. పెర్రీ వింటే సంతోషించేవాడు. భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, వైశాల్యాలు, త్రికోణమితి, అన్నీ వర్క్‌షాప్ కోసమే. 1986లో జర్మనీ సహకారంతో చెన్నైలో పెట్టిన సంస్థ, ఇప్పటి నిమి, ఐటీఐ పుస్తకాలు తయారుచేస్తుంది. 2019లో కేంద్రం భారత్ స్కిల్స్ పోర్టల్ తెచ్చింది, పాఠాలు, వీడియోలు, ప్రశ్నల బ్యాంకులు ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. సీఎన్‌సీ మెషీన్లు, రోబోలు వస్తున్నాయి. ఇవన్నీ మంచి విషయాలే.

కానీ థియరీ పరీక్ష కంప్యూటర్ మీద, ఆబ్జెక్టివ్ ప్రశ్నలతో. పరీక్ష ఎలా ఉంటే చదువు అలా ఉంటుంది. కాబట్టి ఐటీఐ కుర్రాడి ఫోన్‌లో ఉండే యాప్ ఎక్కువగా మాక్ టెస్ట్ యాపే. మళ్ళీ బెన్నీ దారి.

ఇప్పుడు మన కడ్డీ దగ్గరికి రండి. జియోజీబ్రా అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి 2000ల మొదట్లో దాన్ని మొదలుపెట్టాడు. ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. అందులో కడ్డీ బొమ్మ గీసి, కోణానికి ఒక స్లైడర్ పెట్టండి. కోణం జరుపుతుంటే చిన్న చివర వ్యాసం ఎంత వస్తోందో పక్కన కనిపించాలి. ఐదు నిమిషాల పని. 5.5 దగ్గర పెడితే వ్యాసం 30.74 వస్తుంది. 6 దగ్గర పెడితే 28.98. అంటే డిగ్రీలో మూడో వంతు కూడా లేని తేడాకి ఒక మిల్లీమీటరు పోయింది! అది ఒక స్లీవ్‌లో బిగుతుగా కూర్చోవాల్సిన భాగం అయితే నేరుగా తుక్కులోకే. ఫార్ములాలో కింద ఉన్న రెండు మర్చిపోతే? కోణం 11.3 డిగ్రీలు వస్తుంది, చిన్న చివర 10 మిల్లీమీటర్లకి పడిపోతుంది. అది తెర మీద చూసిన కుర్రాడు ఆ రెండుని మళ్ళీ మర్చిపోతాడా?

ఇక్కడితో ఆగకూడదు. "మరి గీత లేని చోట 5.7 ఎలా పెడతావు?" అని ఇన్‌స్ట్రక్టర్ అడగాలి. ఒక కుర్రాడు సైన్ బార్ అంటాడు. ఇంకొకడు ముందు కొంచెం కోసి, కొలిచి, సరిచేసుకుంటానంటాడు. ఇంకొకడు డయల్ గేజ్ పెట్టి చూస్తానంటాడు. నాలుగు ఆప్షన్లలో పట్టని జవాబులు ఇవి. సమస్యా పరిష్కారం అంటే ఇదే. ఇక్కడ ట్యాబ్ చేసింది కొంచెమే, అడిగిన మనిషి చేసింది చాలా ఉంది. ఆ ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీగా ఉంచి ట్యాబ్‌లు కొంటే, పాత కథే కొత్త తెర మీద చూస్తాం.

ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి ఏదైనా కొత్త లెర్నింగ్ యాప్ వచ్చిందని విన్నప్పుడు ఒక్కటి అడగండి. ఇందులో పిల్లవాడు ఏదైనా జరిపి, ఏం మారిందో చూడగలడా, లేక ఆప్షన్ నొక్కి ఊరుకోవడమేనా? "వాడికి లెక్కలు రావు" అని ఎవరైనా అంటే రెసిఫే కొబ్బరికాయల అబ్బాయి సంగతి చెప్పండి.

మీలో ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు ఉంటే, మీ పనిలో రోజూ తగిలే ఒక లెక్క, దాన్ని మీరు చేసే పద్ధతి కామెంట్లలో రాయండి. స్కూల్లో చెప్పిన పద్ధతి కాకపోయినా పర్లేదు, అదే ఇంకా మంచిది. వాటిలో కొన్నిటిని తీసుకుని స్లైడర్లతో బొమ్మలు కట్టి, ఎవరైనా వాడుకునేలా పెడదాం. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.